తొక్కితే వెనక్కి రాని ఎక్సలేటర్: మా 1995 మారుతి 800 డైరీ

ఎక్సలేటర్ కేబుల్ మార్చడం 450 రూపాయల్లో, ఒక్క పూటలో అయిపోవాల్సిన పని. నాకు 1,320 రూపాయలు, పదహారు గంటలు పట్టింది. తేడా అంతా నా తొందరపాటుదే. ఎక్కడెక్కడ దారి తప్పానో తేదీలతో రాసి పెడుతున్నాను, ఇంకొకరికి ఆ తేడా మిగులుతుందని.

కారు 1995 మారుతి 800, మా మామగారు కొన్నది. కార్బొరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే భాగం) ఉన్న మోడల్. 796 సీసీ, మూడు సిలిండర్లు, చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి చేత్తో లాగే చోక్. ఎక్సలేటర్ పెడల్ నుంచి కార్బొరేటర్ దాకా ఒక ఉక్కు తీగ, దానికి పైన తొడుగు. అంతే. ఇప్పటి కార్లలో పెడల్ దగ్గర సెన్సర్ ఉంటుంది, థ్రాటిల్‌ని (ఇంజన్‌లోకి గాలిని వదిలే రేకు తలుపుని) చిన్న మోటారు తిప్పుతుంది, కేబులే ఉండదు. కాబట్టి ఇది పాత బళ్ళవాళ్ళకు మాత్రమే.

దశ 1: తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం (జూన్ 7, శనివారం)

ముందురోజు సాయంత్రం విజయవాడ నుంచి గుంటూరు వస్తున్నాను. కాజ టోల్‌గేట్ దాటి సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కి, థర్డ్ వేద్దామని కాలు తీశాను. ఇంజన్ మాత్రం అదే అరుపు. క్లచ్ తొక్కగానే ఇంకా అరిచింది. న్యూట్రల్ చేసి, బ్రేక్ మీద కాలు పెట్టి, తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పి ఇంజన్ ఆపాను. పక్కకి తీసి ఆపేసరికి చొక్కా తడిసిపోయింది.

ఎవరికైనా ఇలా జరిగితే గుర్తుంచుకోవాల్సినవి రెండు. తాళం పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది, కారు కదులుతుండగా ఆ పని చేయకూడదు. రెండోది, బ్రేక్ బూస్టర్ (వాక్యూమ్ సాయంతో మన కాలి బలాన్ని పెంచే భాగం) ఉన్న బళ్ళలో బ్రేకుని మాటిమాటికీ కొట్టకూడదు. థ్రాటిల్ తెరిచి ఉన్నప్పుడు బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ సరిగ్గా అందదు, రెండు మూడుసార్లు కొడితే పెడల్ రాయిలా బిగుస్తుంది. ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోవాలి.

ఇంటి దగ్గర్లోని మెకానిక్ బోనెట్ ఎత్తి, అర నిమిషం చూసి, "కార్బొరేటర్ జామైంది మాస్టారూ, మార్చేద్దాం, నాలుగున్నర వేలవుతుంది" అన్నాడు. ఒకరోజు ఆగమని చెప్పి వచ్చేశాను. నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే.

ఇంటి దగ్గర వరసగా చూసినవి:

1. కాళ్ళ కింద మ్యాట్ తీసేశాను. నవ్వకండి. 2009లో అమెరికాలో టయోటా లక్షల కార్లను వెనక్కి పిలవడానికి ఒక కారణం పెడల్‌కి అడ్డుపడే మ్యాట్లే. నా కారులో మాత్రం అది కాదు.
2. చోక్ నాబ్ పూర్తిగా లోపలికి ఉందో లేదో చూశాను. చోక్ లాగి ఉంటే అదే థ్రాటిల్‌ని కొంచెం తెరిచి పట్టుకుంటుంది, మనం అనవసరంగా కేబుల్‌ని అనుమానిస్తాం.
3. కార్బొరేటర్ దగ్గర కేబుల్ ఊడదీసి, థ్రాటిల్ లీవర్‌ని వేలితో తిప్పి వదిలాను. టప్పున వెనక్కి వచ్చింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ వచ్చింది. కార్బొరేటర్ నిర్దోషి.
4. పెడల్ దగ్గర కూడా ఊడదీశాను. పెడల్ ఊయలలా ఆడుతోంది.
5. మిగిలింది కేబుల్. రెండు చివర్లూ ఖాళీగా ఉండగా చేత్తో లాగితే ఒకచోట పట్టేస్తోంది.

కొలవకుండా నమ్మకం కుదరలేదు. ఊళ్ళకి వెళ్ళేటప్పుడు సూట్‌కేసు తూచుకునే కొక్కెం కాటా ఉంది ఇంట్లో. దాన్ని తీగ చివరి గుండుకి తగిలించి మెల్లగా లాగాను. మామూలుచోట 600 గ్రాములు, పట్టేసే చోట 2.6 కిలోలు. తర్వాత అదే కాటాని థ్రాటిల్ లీవర్‌కి తగిలించి, స్ప్రింగు ఎంత బలంతో వెనక్కి లాగుతోందో చూశాను: 1.4 కిలోలు. లెక్క తేలిపోయింది. 1.4 కిలోలతో లాగే స్ప్రింగు, 2.6 కిలోల పట్టుని ఎలా విడిపిస్తుంది?

ఇక్కడిదాకా: ఖర్చు సున్నా. సమయం 1.5 గంటలు.

దశ 2: నూనె వైద్యం, అది ఐదో రోజున పోయిన తీరు (జూన్ 8 నుంచి 13)

కేబుల్ మార్చాల్సిందని అర్థమైంది కానీ, ఆదివారం కొట్లు ఉండవని ఒక వంక దొరికింది. ముందురోజే కొన్న లూబ్రికెంట్ స్ప్రే ఉంది. కేబుల్‌ని కిటికీ గ్రిల్‌కి నిలువుగా వేలాడదీసి, పై చివర పాలకవర్ ముక్కని గరాటులా చుట్టి, రబ్బరు బ్యాండు వేశాను. ముందు స్ప్రే, తర్వాత ఇంజన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా. కింద పెట్టిన గిన్నెలోకి మొదట నల్లగా, తర్వాత ఇటుకపొడి రంగులో కారింది. ఆ ఇటుక రంగు చూసినప్పుడే ఆగిపోవాల్సింది. అది తుప్పు.

కాటా 900 గ్రాములు చూపించింది. 1.4 కన్నా తక్కువే కదా అని బిగించేశాను. నాలుగు రోజులు బాగా నడిచింది. 12న బడి తెరిచారు, కారులోనే వెళ్ళొచ్చాను. 13 సాయంత్రం మా వీధి మలుపులోనే మళ్ళీ పట్టేసింది. కాటా: 2.3 కిలోలు.

ఈసారి కోపంతో కేబుల్ తొడుగుని కటింగ్ ప్లయర్‌తో నిలువునా చీల్చాను. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ) దాటి వంపు తిరిగే చోట అసలు సంగతి బయటపడింది. తీగ అంటే ఒకటి కాదు కదా, సన్నని పోగులు పేనిన తాడు. అందులో నాలుగు పోగులు తెగి, గాలపు ముల్లులా పైకి లేచి ఉన్నాయి. గుడ్డతో తుడవబోతే గుడ్డ చిక్కుకుంది, బొటనవేలు కూడా చీరుకుంది. ఆ వంపులో తొడుగు లోపలి ప్లాస్టిక్ పొరని తీగ ఏళ్ళ తరబడి కోసీ కోసీ, గోటితో గీసినట్టు ఒక గాడి చేసింది. తెగిన పోగులు ఆ గాడి అంచుకి తగులుకుంటున్నాయి. నేను పోసిన నూనె తుప్పు పొడితో కలిసి కాటుకలాగా చుట్టూ పేరుకుపోయింది. నాలుగు రోజులు జారుడుగా ఉండి, ఆ తర్వాత బంకయింది.

పోగులు తెగిన కేబుల్‌కి నూనె మందు కాదు. కేవలం ఎండిపోయి బిగుసుకున్న కేబుల్‌కైతే కొంతకాలం పనిచేస్తుందేమో. కానీ ఏది తెగిందో ఏది ఎండిందో బయటినుంచి తెలియదు. ఒకచోటే పట్టేస్తుంటే మాత్రం తెగిందనే అనుకోండి.

ఇక్కడిదాకా: ఖర్చు 230 (స్ప్రే, ఆయిల్ ఇంట్లోది). సమయం 4.5 గంటలు.

దశ 3: కొనుగోలు, రెండుసార్లు (జూన్ 14, 21)

రెండో శనివారం కాబట్టి సెలవు. స్కూటర్ మీద విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. కొట్టు కౌంటర్ మీద "ఎయిట్ హండ్రెడ్‌కి ఎక్సలేటర్ కేబుల్" అన్నాను. కుర్రాడు లోపలికి వెళ్ళి ప్యాకెట్టు తెచ్చిచ్చాడు, 310 రూపాయలు. పాత కేబుల్ నేను తీసుకెళ్ళలేదు. నిలువునా చీల్చిన దాన్ని మోసుకెళ్ళడం నామోషీ అనిపించింది.

ఇంటికొచ్చి ప్యాకెట్టు చింపి, పాతదాని పక్కన పరిస్తే రెండూ వేరే జాతులు. మారుతి 800కి 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ ఇంజన్ వచ్చింది, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేది. అప్పట్నుంచి 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా అదే. రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న 800ల్లో ఎక్కువ అవే, కాబట్టి ఏ మోడలో చెప్పకుండా అడిగినవాడికి అదే చేతికొస్తుంది. కుర్రాడి తప్పేమీ లేదు. ప్యాకెట్టు చింపాను కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు, అదీ న్యాయమే.

వారం ఆగి మళ్ళీ వెళ్ళాను, ఈసారి పాతది సంచిలో పెట్టుకుని. కౌంటర్ వెనకున్న పెద్దాయన దాన్ని చూసి, "ఎవరు చీల్చార్రా దీన్ని ఇలా?" అని కుర్రాణ్ణి అడిగాడు. కుర్రాడు నా వైపు చూశాడు. నేను కప్పు కింద వేలాడుతున్న సైలెన్సర్ల వైపు చూశాను.

కేబుల్ ఎంచుకునేటప్పుడు మొత్తం పొడవు ఒక్కటే చూస్తే చాలదు. చూడాల్సినవి ఇవి:

1. తొడుగు పొడవు.
2. పెడల్ వైపు గుండుని తొడుగుకి ఆనించి పట్టుకుంటే, రెండో వైపు తీగ ఎంత బయటికి వస్తుందో ఆ పొడవు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నా పాతది 94 మి.మీ., తప్పుడుది 131, సరైనది 95.
3. రెండు చివర్ల గుండ్ల ఆకారం.
4. తీగ వదులు సరిచేసే మరల అడ్జస్టర్, దాని మీది రెండు లాక్‌నట్లు.

నా అంకెలు పట్టుకెళ్ళకండి, మీ పాత కేబుల్‌ని పట్టుకెళ్ళండి.

కొత్త కేబుల్ 260. ఫైర్‌వాల్ రంధ్రంలో కూర్చునే రబ్బరు గ్రోమెట్ 20. కొట్టులోనే చేత్తో లాగి చూశాను, వెన్నలో కత్తిలా జారింది. ఇంట్లో కాటా పెడితే 200 గ్రాములు.

ఇక్కడిదాకా: ఖర్చు 1,160 (తప్పు కేబుల్ 310, సరైనది 260, గ్రోమెట్ 20, రెండు ట్రిప్పుల పెట్రోలు 340, పాత 230). సమయం 10.5 గంటలు.

దశ 4: బిగింపు (జూన్ 22, ఆదివారం ఉదయం)

పనిముట్లు: ఓపెన్ పానాలు రెండు, నోస్ ప్లయర్, స్క్రూడ్రైవర్, టార్చి, పురికొస, సబ్బునీళ్ళు, పాత దిండు. దిండు ఎందుకో కింద చెప్తాను.

1. ఇంజన్ చల్లగా ఉండగానే మొదలుపెట్టాలి. తాళం జేబులో ఉండాలి.
2. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పైకి తీశాను. దానికొచ్చే గొట్టాలకు టేపు ముక్కలు అంటించి 1, 2, 3 అని రాసుకున్నాను.
3. కార్బొరేటర్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాను. నిజానికి ఈ పని కొంచెం ఆలస్యంగా చేశాను. డబ్బా నట్టు ఒకటి జారి ఎటో పడింది. కార్బొరేటర్‌లో పడిందేమోనని ముప్పావు గంట టెన్షన్. పక్కవీధి కొట్టులో అయస్కాంతం పుల్ల 120 పెట్టి కొని వెతికితే గేర్‌బాక్సు మీద దొరికింది.
4. పాత కేబుల్ కొట్టుకి వెళ్ళకముందే తీసేశాను, తీసిన వరస మాత్రం ఇక్కడే చెప్తాను. లాక్‌నట్లు వదులు చేసి, బ్రాకెట్ లోంచి అడ్జస్టర్ తప్పించాను. థ్రాటిల్ లీవర్‌ని చేత్తో పూర్తిగా తిప్పి పడితే తీగ వదులవుతుంది, అప్పుడు గుండు గాడిలోంచి పక్కకి జారుతుంది. ప్లయర్‌తో పీకితే లీవర్ వంగుతుంది.
5. ఇక లోపల. డ్రైవర్ సీటు వెనక్కి జరిపి, తల పెడల్స్ కింద, కాళ్ళు బయట రోడ్డు మీద. దిండు ఇక్కడ మెడ కిందికి. పెడల్ పై చివర గాడిలోంచి గుండు తప్పించడానికి నోస్ ప్లయర్ కావాలి.
6. పాత కేబుల్ బయటికి లాగేముందు దాని చివర పురికొస కట్టాలి. కేబుల్ వచ్చేస్తుంది, కొస దారిలో మిగిలిపోతుంది, కొత్తదాన్ని అదే దారిలో లాగుకోవచ్చు. నేను చీల్చిన కేబుల్ తొడుగు గ్రోమెట్ దగ్గర ఊడిపోయి, కొస మధ్యలోనే జారిపోయింది. దాంతో కొత్త కేబుల్ దారి నేను ఊహించి వేశాను. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, దశ 6లో పనికొస్తుంది.
7. పాత గ్రోమెట్ బిస్కెట్టులా విరిగిపోయింది. కొత్తదానికి సబ్బునీళ్ళు రాస్తే సులువుగా కూర్చుంది. నూనె రాస్తే రబ్బరు పాడవుతుంది.

ఇక్కడిదాకా: ఖర్చు 1,280. సమయం 13 గంటలు.

దశ 5: వదులెంత, బిగువెంత (అదే రోజు మధ్యాహ్నం)

మొదట తీగలో వదులు అసలు లేకుండా బిగించాను, తొక్కగానే అందుకుంటుందని. స్టార్ట్ చేస్తే ఐడిలింగ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) మామూలుకన్నా ఎక్కువ. ఈ కారులో ఆర్‌పీఎం మీటరు లేదు, చెవే మీటరు.

దీన్ని పట్టుకోవడానికి కాగితం ముక్క చాలు. ఇంజన్ ఆపి, చోక్ లోపలికి నొక్కి, ఐడిలింగ్ స్క్రూకీ లీవర్‌కీ మధ్య కాగితం దూర్చాలి. కాగితం బిగుసుకుంటే లీవర్ స్క్రూ మీద ఆనిందని అర్థం. సులువుగా జారిపోతే కేబుల్ లీవర్‌ని ఎత్తి పట్టుకుందని. నాది జారిపోయింది. చాలామంది ఇక్కడే ఐడిలింగ్ స్క్రూ తిప్పి సరిచేసుకుంటారు. స్క్రూ జోలికి పోకూడదు, తప్పు కేబుల్ దగ్గర ఉంది.

లాక్‌నట్లు వదిలి, తీగని వేలితో నొక్కితే 3 మి.మీ. ఆడేలా పెట్టాను. ఇప్పుడు రెండో చివర చూడాలి. మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టాను.

"ఏమండీ, తొక్కనా?"

"తొక్కు. ఇంకా. ఇంకా."

"నేల తగిలిందండీ."

పెడల్ నేల తాకేసరికి లీవర్ కూడా చివరి హద్దుకి చేరాలి. నాది సరిగ్గా చేరింది. లీవర్ ముందే హద్దుకి చేరి, పెడల్ ఇంకా మిగిలి ఉంటే, తొక్కిన ప్రతిసారీ భారమంతా తీగ మీద పడుతుంది. కొత్త కేబుల్ కూడా తొందరగా తెగేది అలాగే.

తిరిగొచ్చే వేగం కూడా కొలిచాం. ఇది మా అమ్మాయి ఐడియా. ఫోన్‌లో స్లో మోషన్, సెకనుకి 240 ఫ్రేములు. పెడల్ వదిలిన ఫ్రేము నుంచి లీవర్ స్క్రూని తాకే ఫ్రేము దాకా లెక్కపెట్టడమే. నూనె పోసిన పాత కేబుల్ పోయే ముందు తీసిన వీడియోలో 210 ఫ్రేములు, అంటే దాదాపు 0.9 సెకను. కొత్తదానితో 34 ఫ్రేములు, 0.14 సెకను. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

ఇక్కడిదాకా: ఖర్చు 1,280. సమయం 14 గంటలు.

దశ 6: మళ్ళీ అదే జబ్బు (జూన్ 23, 24)

సోమవారం బడికి వెళ్ళేటప్పుడు సిగ్నల్ దగ్గర కాలు తీస్తే ఇంజన్ వెంటనే దిగలేదు. పట్టేయలేదు కానీ బద్ధకంగా దిగింది. కొత్త కేబుల్, కొత్త గ్రోమెట్, 0.14 సెకను. ఎలా?

సాయంత్రం వచ్చి వీడియో తీస్తే లీవర్ కనబడలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడ్డం. అప్పుడు బుర్రలో లైటు వెలిగింది. నిన్న కొలతలన్నీ డబ్బా లేకుండా తీసినవి.

డబ్బా అంచు ఎత్తి అద్దం పెట్టి తీశాం: 151 ఫ్రేములు, 0.63 సెకను. పెడల్ వైపునుంచి కాటాతో లాగితే కేబుల్ పట్టు 1.2 కిలోలు. స్ప్రింగు 1.4. గెలుస్తోంది, కానీ కష్టపడి.

కేబుల్‌కీ డబ్బాకీ మధ్య సందు ఎంతో కంటికి కనబడదు. మా ఆవిడని కొంచెం చపాతీ పిండి ఇమ్మన్నాను.

"కారుకి కూడా పెడతారా ఏంటి?" అంది కానీ, నిమ్మకాయంత ఇచ్చింది.

పిండిని మూడు ఉండలు చేసి, కేబుల్ మీద మూడుచోట్ల పెట్టి, డబ్బా కూర్చోబెట్టి నట్లు బిగించి, మళ్ళీ తీశాను. రెండు ఉండలు అలాగే ఉన్నాయి. మూడోది, గొట్టం పక్కన పెట్టింది, అప్పడంలా అయిపోయింది. వేలితో లేపితే కింద కేబుల్ ప్లాస్టిక్ నలుపు మెరిసింది. డబ్బా అంచు సరిగ్గా అక్కడ కేబుల్‌ని నొక్కి, లోపల తీగని వంచేస్తోంది. నేను ఊహించి వేసిన దారి ఆ గొట్టం మీదుగా వెళ్ళింది. పాతది దాని కిందుగా వెళ్ళి ఉండాలి.

అడ్జస్టర్ తీసి, కేబుల్‌ని గొట్టం కిందుగా తిప్పి, వంపు ఎంత విశాలంగా వీలైతే అంత విశాలంగా ఉంచి, రెండుచోట్ల ప్లాస్టిక్ టై వేశాను. టై కేబుల్‌ని పిండకూడదు, కేబుల్ అందులో కొంచెం జారాలి. మళ్ళీ పిండి పరీక్ష: ఉండ నలగలేదు, స్కేలు పెడితే 9 మి.మీ. డబ్బా బిగించి ఉండగా 38 ఫ్రేములు, 0.16 సెకను. స్టీరింగ్‌ని అటూ ఇటూ పూర్తిగా తిప్పి, ఇంజన్ బాగా వేడెక్కాక ఇంకోసారి చూశాను. అదే అంకె.

ఆ పిండిని కుక్క కూడా ముట్టలేదు.

ఇక్కడిదాకా: ఖర్చు 1,320 (టైలు 40). సమయం 16 గంటలు.

దశ 7: 1,000 కి.మీ. తర్వాత (ఆగస్టు 3, ఆదివారం)

కాటా: 250 గ్రాములు. ఫ్రేములు: 38. వదులు 3 నుంచి 5 మి.మీ.కి పెరిగింది, కొత్త తొడుగు సర్దుకున్నట్టుంది. లాక్‌నట్లు వదిలి మళ్ళీ 3కి తెచ్చాను, పది నిమిషాల పని. గ్రోమెట్ దగ్గర గుడ్డ చుట్టి తుడిస్తే మరక కూడా అంటలేదు.

మెకానిక్ మొన్న వీధిలో కనబడి, "కార్బొరేటర్ మార్పించారా మాస్టారూ?" అని అడిగాడు. కేబుల్ మార్చానని చెప్పాను. "అదే నేనూ అనుకున్నా" అన్నాడు.

ఎంపీఎఫ్ఐ కేబుల్ ఇంకా బీరువా మీదే ఉంది, చింపిన ప్యాకెట్టులో.